యంత్రానికి తాళం ఎందుకు?

హుగ్లీ ఒడ్డున రిష్రాలో 1855లో తొలి జనపనార మిల్లు వెలిసింది. తర్వాత టిటాగఢ్ వంటి చోట్ల మిల్లుల్లో పనికి మన తెలుగువారు ఎందరో వచ్చారు. మొదట ఆవిరితో నడిచిన ఆ యంత్రాలు తర్వాత కరెంటు మోటార్లకు మారాయి. అప్పుడు రెండు కాపలాలు అవసరమయ్యాయి.

మొదటిది తీగకు కాపలా. షార్ట్ సర్క్యూట్ అయితే కరెంటు ఒక్కసారిగా పెరిగి తీగ కాలిపోతుంది. జనపనార పీచు ఇట్టే అంటుకుంటుంది. అందుకే ఫ్యూజు ముందే కరిగిపోతుంది. బ్రేకరైతే ట్రిప్ అవుతుంది.

రెండోది మనిషికి కాపలా. యంత్రం బాగుచేసేటప్పుడు స్టాప్ బటన్ నొక్కితే చాలదు. మోటారు ఆగుతుంది గానీ, కరెంటు యంత్రం దాకా వస్తూనే ఉంటుంది. ఎవరైనా తెలియక స్టార్ట్ నొక్కితే లోపల ఉన్న చేయి ఏమవుతుంది? అందుకే మోటారు ఆగాక ఐసొలేటర్‌తో సరఫరాను వేరుచేసి, తాళం వేసి, చెవి తన జేబులోనే ఉంచుకోవాలి. కరెంటు లేదని పరీక్షించాకే చేయి పెట్టాలి. ముగ్గురు పనిచేస్తే మూడు తాళాలు. ఆఖరి తాళం తీసేదాకా యంత్రం కదలదు.

బదిలీపై కొత్త క్వార్టర్స్‌కు వెళ్ళగానే మనం మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసుకుందాం. ఫ్యూజు పోతే లావు తీగ కట్టనివ్వవద్దు. అది కరగదు, గోడలోని తీగలే కాలుతాయి.