నగరమున పెంపుడు కుక్క

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్కయే మొదటిది. ఆవు, మేక, గుఱ్ఱము మున్నగునవి మనుష్యుని చెంత చేరుటకు వేలయేండ్లకు పూర్వమే కుక్క యతని వెంట వేటకు పోయినది. రాత్రివేళ నెగడు ప్రక్కన కావలి పండుకొన్నది. నాటినుండి నేటివరకు విశ్వాసమునకు కుక్క యొక పర్యాయపదమై నిలిచినది. దాని విశ్వాసమును మెచ్చుకొననివారు లేరు. అయితే ఆ విశ్వాసమును పొందినవాడు తిరిగి తానేమి చేయవలెనో యాలోచించువారు తక్కువ.

పల్లెలలో కుక్కను పెంచుట పెద్ద పనిగా నెవ్వరును తలపరు. ఉదయము సాయంకాలము ఇంత కూడు పెట్టిన చాలును. అది పొలముగట్లపై తిరుగును, కాలువలో నీరు త్రాగును, చెట్టునీడను పండుకొనును, రాత్రి యింటిని కాచును. నగరమున స్థితి వేరు. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతములను చూడుడు. పెద్దబాటపై తెల్లవారినది మొదలు బస్సులు, ఆటోలు, మోటారు సైకిళ్లు ఎడతెగక సాగుచుండును. సందులు ఇఱుకు. పలుకుటుంబములు పెరడు లేని అంతస్తుల ఇండ్లలో కాపురమున్నవి. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదువుకొనుటకై జిల్లాలనుండి వచ్చిన యువకులు ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున నివసింతురు. ఇట్టి చోట మూడవ యంతస్తున పెరుగు కుక్కకు మట్టినేల లేదు, చెట్టునీడ లేదు, స్వేచ్ఛగా తిరుగు తావు లేదు. దాని తిండి, నీరు, నడక, ఆరోగ్యము సర్వమును యజమానుని చేతిలోనే యున్నవి. అంతేకాదు, దాని వలన కలుగు మేలుకీడులు ఆ యింటితో నాగక యిరుగుపొరుగువారికిని సంక్రమించును.

చిక్కడపల్లిలోని యొక యింట బాలుడొకడు కుక్కపిల్లను తెచ్చుకొనెననుకొందము. వాడు మొట్టమొదట నేర్చుకొనవలసినది దాని యాహారమును గూర్చి. ఇంట వండిన అన్నము, పెరుగు, ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన మాంసము, ఉడికించిన కూరగాయలు దానికి పెట్టవచ్చును. మనము తినునదెల్ల దానికి పనికిరాదు. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణములను చెఱచును. కాబట్టి మిగిలిన సాంబారును, కూరను దాని పళ్లెములో గ్రుమ్మరించుట ప్రేమ యనిపించుకొనదు. ద్రాక్షపండ్లు, ఎండుద్రాక్ష మూత్రపిండములకు హాని చేయును. చాకొలెట్టు గుండెను, నరములను దెబ్బతీయును. ఉడికించిన కోడియెముకలు నమలగా వాడిగా చీలి, గొంతులోనో ప్రేగులలోనో గ్రుచ్చుకొనును. అన్నిటికంటె ముఖ్యము నీరు. తేటనీటి గిన్నె దాని కెల్లవేళల అందుబాటులో నుండవలెను.

రెండవది నడక. కుక్కను దినమంతయు గొలుసుతో కట్టివేసి యుంచుట క్రూరకార్యము. 1960లో భారత పార్లమెంటు చేసిన జంతుహింస నివారణ చట్టములోని 11వ సెక్షను ఈ విషయమును స్పష్టముగ చెప్పుచున్నది. మిక్కిలి పొట్టిదో బరువైనదో యగు గొలుసుతో జంతువును చాలసేపు కట్టివేయుట నేరము. సదా కట్టియుంచు కుక్కకు తగిన వ్యాయామము కలిగింపకుండుట సహితము యజమానుని నేరమే. నడక కుక్కకు విలాసము కాదు, దాని హక్కు అని చట్టమే యొప్పుకొన్నదన్నమాట.

నడకకు తగిన వేళ వేకువజాము. అప్పుడు బాటపై వాహనములు తక్కువ, నేల చల్లన. మెడపట్టెడకు తాడు తగిలించి, తాడు చివరను బాలుడు చేతికి చుట్టుకొనక గట్టిగ పట్టుకొనవలెను. కుక్క హఠాత్తుగా లాగినపుడు చుట్టుకొన్న తాడు చేతిని గాయపఱచును. మిగుల చిన్నవారు పెద్ద కుక్కను ఒంటరిగ తీసికొనిపోరాదు. తాడు లేని కుక్క యెంత సాధువైనను నమ్మరాదు. ఎదుట పిల్లి పరుగెత్తినను, మోటారు కూత వినబడినను అది క్షణములో బాట నడుమకు దుముకగలదు. వీథికుక్కలు ఎదురైనచో పరుగెత్తక, రాళ్లు రువ్వక, తన కుక్కను దగ్గఱకు తీసికొని మెల్లగ ప్రక్కదారిని పట్టవలెను. పరుగెత్తువానిని వెంటాడుట కుక్కల స్వభావము.

నడకకు బయలుదేరునపుడు పాతకాగితములనో సంచినో వెంట కొనిపోవలెను. కుక్క మలవిసర్జనము చేసినచో యజమానుడే తీసి చెత్తబుట్టలో వేయవలెను. ఆ దారిని ముదుసళ్లు నడతురు, పసివారు ఆడుకొందురు. కుక్క మలములోని నులిపురుగుల గ్రుడ్లు మట్టిలో చేరి, పిల్లల చేతుల మూలమున కడుపులోనికి పోవును. అశోక్‌నగర్ ప్రక్కనే 76 ఎకరముల ఇందిరా పార్కు కలదు. అట్టి సార్వజనిక వనములకు కుక్కను తీసికొనిపోదలచినవారు ముందుగా ద్వారము కడ నియమములను విచారించుకొనుట మర్యాద. కుక్కలకొఱకే ప్రత్యేకముగ నొక వనమును నగరపాలక సంస్థ 2018లో కొండాపూర్ ప్రాంతమున ఏర్పరచినది. అందు వాటికి ఆటవస్తువులు, శిక్షణకు తగిన స్థలము కల్పింపబడినవి.

వేసవిలో మఱింత జాగ్రత్త వలయును. మనుష్యుని శరీరమంతట చెమట పట్టి వేడి తగ్గును. కుక్కకు ఆ సౌకర్యము లేదు. నాలుక వెలికి చాచి రొప్పుటయే దాని ముఖ్యసాధనము. చెమట అరికాళ్లయందు మాత్రము కొలదిగ పట్టును. దాని సహజమైన దేహతాపమే ఇంచుమించు 101 మొదలు 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. మే నెలలో మధ్యాహ్నము తారుబాట ఎట్లు మండునో అందఱును ఎఱుగుదురు. ఆ బాటపై అరచేతి వెనుకవైపు ఆనించి కొన్ని క్షణములు ఉంచలేకపోయినచో, కుక్కయు దానిపై నడువలేదని గ్రహింపవలెను. ఎండదెబ్బ తగిలిన కుక్క మితిమీరి రొప్పును, చొంగ కార్చును, తూలి పడును. వెంటనే నీడకు చేర్చి, ఒడలిని మామూలు నీటితో తడిపి, గాలి విసరుచు పశువైద్యుని కడకు తీసికొనిపోవలెను. దీపావళినాడు టపాకాయల మ్రోతకు బెదరి పాఱిపోవు కుక్కలు పెక్కు. ఆ రాత్రి దానిని ఇంటిలోపల, తలుపులు మూసిన గదిలో ఉంచుట మంచిది.

మూడవది వైద్యము. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల కలదు. కుక్కపిల్లకు ఆఱెనిమిది వారములు నిండినది మొదలు డిస్టెంపరు, పార్వో అను ప్రమాదకర వ్యాధులకు టీకాలు వేయింపవలెను. మూడవ నెలలో రేబీస్ టీకా వేయింపవలెను. అటుపై వైద్యుడు చెప్పిన చొప్పున ఏటేట మఱల వేయించుచుండవలెను. కడుపులోని పురుగులకు మందు, ఒడలిపై పట్టు పిడుదులకు చికిత్స క్రమముగ జరుగవలెను. ప్రతి సంవత్సరము జూలై 6వ తేదీ ప్రపంచ జూనోసిస్ దినము. జంతువులనుండి మనుష్యులకు సోకు వ్యాధులను గూర్చి ప్రజలకు తెలియజెప్పుటకై ఏర్పడిన దినమిది. ఆ సందర్భమున పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితముగ రేబీస్ టీకాలు వేయు ఆచారము కలదు.

ఆ తేదీకి ఒక చరిత్ర కలదు. 1885వ సంవత్సరము జూలైలో ఆల్సేసు సీమలో జోసెఫ్ మైస్టరు అను తొమ్మిదేండ్ల బాలుని ఒక పిచ్చికుక్క పలుచోట్ల కఱచినది. ఆ కాలమున అట్టి కాటునకు మందు లేదు. తల్లి కుమారుని వెంటబెట్టుకొని పారిసు నగరమునకు పోయి లూయీ పాశ్చరు అను శాస్త్రజ్ఞుని శరణు జొచ్చెను. పాశ్చరు రసాయన శాస్త్రవేత్త, వైద్యుడు కాడు. వ్యాధితో మరణించిన కుందేళ్ల వెన్నుపామును ఎండబెట్టి, విషము తగ్గించి అతడు ఒక టీకాను సిద్ధపఱచి కుక్కలపై పరీక్షించి యుండెను. జూలై 6వ తేదీని మొదలిడి, వైద్యుని చేత ఆ బాలునికి వరుసగ కొన్ని దినములు ఆ టీకాను వేయించెను. బాలుడు బ్రతికెను. అతడు పెద్దవాడై పారిసులోని పాశ్చర్ సంస్థయందే ఉద్యోగము చేసెను.

పాశ్చరు వెలిగించిన దీపమే మన దేశమునకును వచ్చినది. 1900లో కసౌలియందును, 1907లో కూనూరునందును పాశ్చర్ సంస్థలు వెలసినవి. కసౌలిలో డేవిడ్ సెంపుల్ అను వైద్యుడు గొఱ్ఱె మెదడునుండి టీకాను తయారు చేసెను. చాలకాలము ఈ దేశమున అదియే వాడబడినది. ఆ టీకాను బొడ్డు చుట్టును దినమున కొకటి చొప్పున పదునాలుగు సూదులవరకు వేయుచుండిరి. ఆ బాధ తలచికొని పిల్లలే కాక పెద్దలును వణకుచుండిరి. 2005 నాటికి ఆ పద్ధతి పూర్తిగ మానివేయబడినది. నేటి టీకా చేతికి వేయబడును. ప్రభుత్వ వైద్యశాలలలో సాధారణముగ మొదటి దినమునను, దానినుండి మూడవ, ఏడవ, ఇరువది యెనిమిదవ దినములందును వేయుదురు. గాయము తీవ్రమైనచో దాని చుట్టును రేబీస్ ఇమ్యూనోగ్లోబులిన్ అను మఱియొక మందును కూడ ఎక్కింతురు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నందును, సమీపమున నల్లకుంటలో ప్రజలు కోరంటి దవాఖానా యని పిలుచు జ్వరముల ఆసుపత్రియందును కుక్కకాటునకు చికిత్స జరుగును.

సూదుల బాధ తగ్గినను వాటిని గూర్చిన పాతభయము జనుల మనస్సులనుండి ఇంకను పోలేదు. ప్రాణములు తీయునది ఆ భయమే. బాలుడు కుక్కతో ఆడుచుండగా దాని పన్ను చేతికి గీసికొనును. చుక్క రక్తము కనబడును. అమ్మకు చెప్పిన తిట్టుననియు, నాయన కుక్కను వెళ్లగొట్టుననియు, సూది వేయింతురనియు తలచి వాడు చొక్కాచేతిని క్రిందికి లాగికొని ఊరకుండును. గాయము రెండు దినములలో మానును. అందఱును మఱతురు. రేబీస్ క్రిమి మాత్రము మఱవదు. అది నరముల వెంబడి మెల్లమెల్లగ మెదడు వైపు ప్రాకును. సామాన్యముగ ఒకటి మొదలు మూడు నెలలకు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ముందుగనో చాల యాలస్యముగనో వ్యాధి బయటపడును. నీరు చూచిన భయము, గొంతు బిగియుట మొదలైన లక్షణములు కనబడిన పిమ్మట రోగిని బ్రతికించుట దాదాపు అసాధ్యము. అంతకుముందు మాత్రము దానిని ఆపుట సులభము. ప్రపంచారోగ్యసంస్థ లెక్క ప్రకారము మనుష్యులకు సోకు రేబీసులో నూటికి తొంబది తొమ్మిది వంతులు కుక్కల మూలముననే వచ్చుచున్నది. అయిదు మొదలు పదునాలుగేండ్ల పిల్లలు తఱచుగ దీనికి గురియగుచున్నారు.

'కుక్కకాటుకు చెప్పుదెబ్బ' యని మనలో ఒక సామెత కలదు. సామెతకు సామెతయే కాని, కుక్కకాటునకు మొదటి మందు సబ్బునీరు. కాటు పడినను, గీత పడినను, పుండుపై కుక్క నాకినను ఆ చోటిని సబ్బు పెట్టి, పాఱుచున్న నీటిక్రింద పదునైదు నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసుపు, ఆకుపసరు గాయమునకు పూయరాదు. గట్టిగ కట్టు కట్టరాదు. మంత్రమునకో తాయెత్తునకో పోయి కాలము వ్యర్థము చేయరాదు. కడిగినవెంటనే వైద్యశాలకు పోవలెను. చెప్పిన దినములన్నిటను తప్పక సూదులు వేయించుకొనవలెను. రెండు సూదులతోనే బాగున్నదని మానివేయుట ప్రమాదకరము.

ఈ సందర్భమున యజమానుని ధర్మమును ఒకటి కలదు. తన కుక్క యెవరినైన కఱచినచో దాచిపెట్టరాదు. టీకా వేయించిన చీటీని చూపవలెను. కుక్కను కట్టి, పది దినములు కనిపెట్టి చూడవలెను. కాటు పడిననాటికే కుక్కలో రేబీస్ ముదిరియున్నచో ఈ పది దినములలో అది బయటపడును. అయితే ఆ గడువు ముగియువరకు వేచియుండక, కాటు తిన్నవానికి చికిత్స ఆరంభింపవలసినదే. ఇరుగుపొరుగువారితో జగడమాడుటకంటె ఒక ఆటోను పిలిచి గాయపడినవానిని నారాయణగూడకు తీసికొనిపోవుట మేలు. ఇక ఇంటి పెద్దలు చేయవలసినది వేఱొకటి. కాటును గూర్చి నిజము చెప్పిన పిల్లవానిని ఆ క్షణమున దండింపరాదు. ఒకమాఱు దండింపబడినవాడు రెండవమాఱు దాచును.

కుక్కల మూలమున మనుష్యులకు కలుగు రేబీస్ మరణములను 2030 నాటికి లేకుండ చేయవలెనని భారత ప్రభుత్వము 2021లో ఒక జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము వీథికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్సయు, రేబీస్ టీకాయు చేయుట స్థానికసంస్థల బాధ్యత. అది ప్రభుత్వముల పని. పెంపుడు కుక్క పని మాత్రము పెంచినవానిదే.

కుక్క ముద్దులొలికించుచున్నంత కాలము పెంచి, జబ్బుపడినదనియో, అద్దెయిల్లు మాఱవలసివచ్చినదనియో దానిని వీథిలో వదలిపెట్టువారు కొందఱు కలరు. ఇంటి తిండికి అలవడిన కుక్క వీథిలో బ్రతుకనేరదు. జంతువును నిష్కారణముగ, అది ఆకలిదప్పులతో బాధపడునట్టి స్థితిలో విడిచిపెట్టుట పైన చెప్పిన 1960 నాటి చట్టము ప్రకారమును శిక్షార్హమే. ధర్మము ఇంకను ఒక యడుగు ముందుకు పోయినది. మహాప్రస్థానమున ధర్మరాజు వెంట తుదివరకు నడచినది ఒక కుక్క. స్వర్గమునకు రథమెక్కుమని పిలిచిన ఇంద్రుడు, కుక్కను విడిచి రమ్మనెను. తన్ను నమ్మి వెంటవచ్చిన దానిని విడిచి తాను స్వర్గమునకు రాజాలనని ధర్మరాజు నిలిచిపోయెను. ఆ కుక్క ధర్మదేవతయే యని భారతము చెప్పుచున్నది.

చిక్కడపల్లి బాలుని యెవ్వరును స్వర్గము విడువుమని యడుగరు. వేకువను నిద్ర లేచి కుక్కను నడిపించుట, గిన్నెలో నీరు నింపుట, ఏటేట టీకా వేయించుట, పన్ను గీసికొన్ననాడు దాచక తల్లికి చెప్పుట, ఇవియే వానికి విధింపబడిన ధర్మములు. ఇవి చిన్న పనులు. వీనిని మానకుండ చేసిన యింట కుక్కయు, పిల్లలును, పొరుగువారును క్షేమముగ నుందురు.