మార్జాల సంరక్షణ

ఉద్దేశం: ప్రకృతిసిద్ధమైన ప్రతి వస్తువూ నిరపాయకరం కాదనీ, శుభ్రత, ఓర్పు అనేవే ఉత్తమమైన ఔషధాలనీ విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

మానవుని ఆశ్రయించి జీవించే జంతువులలో పిల్లిది ప్రత్యేకమైన స్థానం. ధాన్యాన్ని ఎలుకల బారినుండి కాపాడుతూ అది మనిషికి దగ్గరైంది. తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకోవడం దాని సహజగుణం. అయినప్పటికీ దానిని పీడించే శత్రువు ఒకటి ఉంది. అదే ‘ఫ్లీ’ అనే రెక్కలు లేని చిన్న కీటకం. చూపునకు పేనువలె ఉన్నా ఇది పేను కాదు. వెంట్రుకల నడుమ వేగంగా పరుగెత్తుతుంది, పట్టబోతే దూకుతుంది. పిల్లి రక్తమే దీని ఆహారం. ఈ పురుగులు మితిమీరితే పసికూనలకు రక్తహీనత కలిగి ప్రాణాపాయం ఏర్పడవచ్చు.

ఇంట్లో ఉన్నవే కదా అని కొందరు కర్పూరం, యూకలిప్టస్ నూనె, వెల్లుల్లి రసం వంటివి పిల్లికి పూస్తారు. ప్రకృతి ప్రసాదించినవి హాని చేయవని వారి నమ్మకం. పాము విషం కూడా ప్రకృతి ప్రసాదించినదే! ఘాటైన నూనెలలోని అనేక పదార్థాలను విడగొట్టి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. పైగా ఒంటికి పూసినదంతా నాలుక ద్వారా దాని కడుపులోకే చేరుతుంది. వెల్లుల్లి దాని ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. కుక్కల కోసం తయారైన పెర్మెత్రిన్ మందు పిల్లికి ప్రాణాంతకం.

మరి నిరపాయమైన మార్గమేది? శత్రువు ఉనికిని ఎరగడమే మొదటి మెట్టు. ఆడపురుగు రోజుకు 40 వరకు గుడ్లు పెట్టగలదు. అవి పిల్లి ఒంటిని అంటిపెట్టుకొని ఉండక, అది పడుకొన్న చోటనే రాలిపోతాయి. కాబట్టి పిల్లితోపాటు ఇంటినీ శుభ్రపరచాలి.

ప్రతిదినం సన్నని పళ్ల దువ్వెనతో పిల్లి మెడను, వీపును, తోక మొదలును దువ్వాలి. చిక్కిన పురుగులను సబ్బునీటిలో ముంచితే అవి మునిగి చనిపోతాయి. దువ్వెనకు నల్లని నలుసులు అంటితే వాటిని తడిగుడ్డపై రాల్చి చూడాలి. ఎర్రని మరక ఏర్పడితే అవి పురుగుల విసర్జితాలని గ్రహించాలి. పిల్లి పడుకొనే గుడ్డలను వారానికొకసారి వేడినీటిలో ఉతికి ఎండలో ఆరవేయాలి. మూలలను, చాపల అడుగు భాగాన్ని నిత్యం ఊడ్చి, ఆ చెత్తను ఇంటికి దూరంగా పారవేయాలి. ఇంట్లో ఇతర పెంపుడు జంతువులుంటే వాటినీ దువ్వాలి.

వారం రోజులకే పురుగులు కనిపించడం లేదని ఈ పని మానరాదు. గూడు కట్టుకొన్న పురుగు నెలల తరబడి వేచి ఉండి, మనిషి లేదా జంతువు అలికిడికి బయటకు వస్తుంది. అందువలన కనీసం మూడు నెలల పట్టుదల అవసరం. అప్పటికీ పీడ తగ్గకున్నా, కూన నీరసించినా, దాని చిగుళ్లు తెల్లబారినా ఆలస్యం చేయక పశువైద్యుని ఆశ్రయించాలి.

పిల్లి తన బాధను మాటలలో చెప్పుకోలేదు. మనం పూసిన దానిని కాదనలేదు. నోరులేని ప్రాణిని చేరదీసినవారికి దయతోపాటు తెలివిడి కూడా ఉండాలి.

అర్థాలు
మార్జాలం = పిల్లి
నిరపాయం = హాని లేనిది
అలికిడి = కదలిక వలన కలిగే చప్పుడు

ప్రశ్నలు
1. కర్పూరం, వెల్లుల్లి వంటివి పిల్లికి ఎందుకు హానికరం?
2. పిల్లితోపాటు ఇంటిని కూడా ఎందుకు శుభ్రపరచాలి?
3. ‘దయతోపాటు తెలివిడి కూడా ఉండాలి’ – వివరించండి.