వూచ్ నగరపు మెట్లు: చలనచిత్ర విద్యార్థి జీవనంపై ఒక పరిశీలన

చలనచిత్ర విద్య అనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేది తారల వైభవము, గోడపత్రికల మీది పేర్లు. ఆ విద్యకు కూడ ఒక పాఠశాల ఉంటుందనీ, దానికొక ప్రవేశ పరీక్ష ఉంటుందనీ, ఆ పరీక్షలో తప్పినవారూ, ఇంటికి దూరమై పరాయి భాషను వల్లెవేసినవారూ ఉంటారనీ సాధారణంగా మనకు తోచదు. పోలండు దేశంలోని ఒక ప్రసిద్ధ చలనచిత్ర కళాశాలను ఉదాహరణగా గైకొని, అచ్చటి విద్యార్థి జీవనం ఎట్టిదో, దాని నుండి మనం గ్రహించదగినది ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

నగరము, భవనము

పోలండు రాజధాని వార్సాకు నైరుతి దిశగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఒక బట్టల మిల్లుల నగరం ఉన్నది. మన పటములలో అది 'లోడ్జ్' అని కనిపించినను, అచ్చటివారు దానిని 'వూచ్' అని పలుకుతారు. ఆ మాటకు వారి భాషలో 'పడవ' అని అర్థము. రెండవ ప్రపంచ యుద్ధంలో వార్సా నగరం నేలమట్టం కాగా, వూచ్ నగరంలోని కట్టడాలు చాలవరకు నిలిచినవి. ఆ కారణంగానే యుద్ధానంతరం పోలండు చలనచిత్ర పరిశ్రమ అచ్చట వేళ్ళూనుకొన్నది. 1948లో చలనచిత్ర కళాశాల ఆరంభమైనది. ఒకనాటి మిల్లు యజమాని ఆస్కార్ కోన్ యొక్క భవంతి దానికి నిలయమైనది.

ఆ భవంతిలోని కొయ్యమెట్లు ఆ కళాశాల చరిత్రలో ఒక అధ్యాయము. చిత్ర ప్రదర్శన ఎప్పుడు మొదలగునా అని ఎదురుచూస్తూ విద్యార్థులు ఆ మెట్లమీద కూర్చునేవారు. ప్రదర్శన ముగిసిన పిమ్మట అచ్చటనే తిరిగి కూర్చుండి, చూచినదానిని గురించి వాదించుకొనేవారు. బయట సామాన్య ప్రేక్షకులకు లభింపని విదేశీ చిత్రాలు కూడ కళాశాలలో ప్రదర్శింపబడేవి. కావున తరగతి గదిలో ఉపాధ్యాయుడు చెప్పినది ఎంతయో, మెట్లమీద తోటి విద్యార్థి ఎదురు చెప్పినది కూడ అంతయే వారిని తీర్చిదిద్దినదని చెప్పవచ్చును. మొదట క్రాకోలో చిత్రలేఖనం అభ్యసించి, పిదప ఇచ్చట చేరిన ఆంద్రెయ్ వైదా ఈ కళాశాల తొలి తరం విద్యార్థులలో ఒకరు. 2000 సంవత్సరంలో ఆయనకు గౌరవ ఆస్కార్ పురస్కారం లభించినది.

రెండుసార్లు మూసుకొన్న తలుపు

ఈ కళాశాల ప్రవేశ పరీక్ష మిక్కిలి కఠినమైనది. వందలాది అభ్యర్థులకు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్ని స్థానాలు మాత్రమే ఉండేవి. 1941లో జన్మించిన క్షిష్తోఫ్ కియెష్లోవ్‌స్కీ జీవితం ఈ సందర్భంలో స్మరింపదగినది. తండ్రి క్షయరోగి. చికిత్సాలయాల వెంట కుటుంబం ఊరూరా తిరిగినది. బాలుడు మొదట అగ్నిమాపక శిక్షణలో చేరి కొన్ని నెలలలోనే మానివేసెను. అనంతరం రంగస్థల సాంకేతిక విద్యను అభ్యసించెను. వూచ్ కళాశాలకు దరఖాస్తు చేయగా మొదటిసారి త్రోసివేసిరి. రెండవసారియు అంతే. ఆ మధ్యకాలంలో ఆయన గుమాస్తాగాను, నాటకశాలలో నటులకు దుస్తులు తొడిగే పనివాడుగాను జీవించెను. 1964లో మూడవ ప్రయత్నంలో గాని ప్రవేశం లభింపలేదు.

ఇంటర్మీడియెటు తరువాత ఒక్క ప్రవేశ పరీక్షలో స్థానం రాకపోయినంతనే చదువు తమకు రాసిపెట్టి లేదని తీర్మానించుకొనే విద్యార్థులను మేము ప్రతి సంవత్సరం చూస్తున్నాము. అట్టివారు ఈ రెండు వైఫల్యాలను గుర్తుంచుకొనవలెను. అయితే పట్టుదల ఉన్నచో చాలునని మాత్రమే మేము చెప్పుట లేదు. ఆ ఖాళీ సంవత్సరాలు వ్యర్థములు కాలేదన్నది ముఖ్యము. గుమాస్తాగా ఆయన చూచిన కార్యాలయాల లోకం పిదప తెరమీదికి వచ్చినదని మా అభిప్రాయము.

చూచుట నేర్చుకొనుట

ఈ కళాశాల బోధనలో ప్రధానమైనది చేతిపని. విద్యార్థి ఉపన్యాసములు విని ఊరకుండరాదు, చిన్న చిత్రాలు తీసి చూపవలెను. విద్యార్థిదశలో కియెష్లోవ్‌స్కీ వూచ్ వీధులలో వృద్ధులను, బాలకులను, పాతబడిన వాకిళ్ళను ఛాయాచిత్రాలుగా తీసెను. ఆనాటి ఒక ఆటను గురించి ఆయనే పిదప దాచక చెప్పుకొనెను. మిల్లుల యంత్రాలలో చేతులు పోగొట్టుకొన్నవారు, అంగవైకల్యం పొందినవారు ఆ నగరంలో అధికంగా ఉండేవారు. ఉదయం కళాశాలకు వచ్చే దారిలో అట్టివారు ఎందరు కనిపించిరో లెక్కించి, విద్యార్థులు తమలో తాము పందెం వేసుకొనేవారట. వినుటకు ఇది క్రూరముగనే ఉన్నది. పరుల బాధను దినమూ చూచే యౌవనం దానిని వేళాకోళం చేసి తప్పించుకొనుట లోకంలో అరుదు కాదు. ఆ చూపు లెక్కించుట వద్దనే ఆగినదా, లేక ముందుకు సాగినదా అన్నదే ప్రశ్న.

1966లో ఆయన తీసిన 'కార్యాలయం' అనే చిత్రం దీనికి సమాధానము. దాని నిడివి కొద్ది నిమిషాలు మాత్రమే. అది ఒక పింఛను కార్యాలయము. కిటికీ ముందర వృద్ధులు వరుసలో నిలిచి ఉందురు. లోపలి ఉద్యోగిని ఒక కాగితం కావలెననును, మరొక ముద్ర లేదనును. జీవితకాలమంతటిలో ఏమేమి చేసినారో వ్రాసి తెమ్మని అడుగును. ఆ ప్రశ్న మరల మరల వినిపించుచుండగా, బీరువాలలో పేర్చిన కాగితపు కట్టలు తెరమీద కనిపించును. ఎవరినీ నిందింపకనే, ఒక మనిషి బ్రతుకంతా ఒక కాగితపు గడిలో ఇముడునా అని ప్రేక్షకుడు తనను తాను ప్రశ్నించుకొనును. మునుపు లెక్కింపబడిన మనుష్యులే ఇచ్చట ముఖములు గలవారైనారు. ఈ మార్పే ఆ విద్యకు ఫలమని మేము భావిస్తున్నాము. అచ్చటి ఉపాధ్యాయుడైన కజిమియెష్ కారాబాష్ తీసిన 'వాద్యకారులు' (1960) అనే చిన్న చిత్రాన్ని కియెష్లోవ్‌స్కీ మిక్కిలి గౌరవించేవారు. ట్రాము కార్మికులు పని ముగిసిన పిమ్మట కూడి వాద్యాలు సాధన చేయుటయే అందలి కథ. గురువు నుండి శిష్యుడు గ్రహించినది ఓపికతో చూచుట.

1968 నాటి గాయము

ఆ కళాశాల జీవితమంతా సుఖమయమని అనుకొనరాదు. 1968లో పోలండు ప్రభుత్వం యూదులకు వ్యతిరేకంగా ప్రచారం సాగించినది. వేలాది యూదులు దేశం వీడవలసి వచ్చినది. కళాశాలను చిరకాలం నడిపిన రెక్టరు యెజీ తెప్లిత్స్‌ను ఆ సంవత్సరమే పదవి నుండి తొలగించిరి. పిదప ఆయన ఆస్ట్రేలియాకు వెళ్ళి, 1973లో అచ్చటి జాతీయ చలనచిత్ర పాఠశాలకు తొలి సంచాలకుడైనాడు. ఒక అల్పసంఖ్యాక వర్గంపై పడిన దెబ్బ ఒక విద్యాసంస్థకు ఎట్టి లోటు తెచ్చునో తెలుసుకొనుటకు ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

మొరాకో నుండి వచ్చినవారు

ఆ కాలంలోనే కొందరు మొరాకో దేశపు ముస్లిం యువకులు వూచ్‌లో చదువుచుండిరి. వారిలో ముస్తఫా దెర్కావీ ముఖ్యులు. ఆయన సోదరుడు అబ్దుల్ కరీం దెర్కావీ కూడ అచ్చటనే విద్యనభ్యసించెను. విదేశీయులకు పోలిష్ భాష నేర్పుటకు ఆ నగర విశ్వవిద్యాలయంలో 1952 నుండి ఒక ప్రత్యేక శాఖ ఉన్నది. ఇంట అరబ్బీ, బడిలో ఫ్రెంచి ఎరిగిన మొరాకో యువకునికి పోలిష్ మరొక భాష. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు అని నిత్యం మూడు భాషల నడుమ తిరిగే మన విద్యార్థికి ఆ ప్రయాస వేరుగా వివరింపనవసరం లేదు. అయితే మనవారు దీనిని భారమని తలచుచుండగా, వారు దానినే దారిగా చేసికొనిరి.

స్వదేశానికి తిరిగివచ్చిన ముస్తఫా దెర్కావీ 1974లో 'అర్థం లేని కొన్ని సంఘటనల గురించి' అనే చిత్రం తీసిరి. ఛాయాగ్రహణం అబ్దుల్ కరీం నిర్వహించిరి. కాసాబ్లాంకా వీధులలో ఒక చిత్రబృందం యువకులను ఆపి, మన దేశపు చలనచిత్రం ఎట్లుండవలెనని అడుగుచుండును. ఇంతలో ఒక రేవు కార్మికుడు తన పై అధికారిని చంపును. అప్పుడు ఆ బృందం తన ప్రశ్నను వదలి ఈ మనిషి ఎందులకిట్లు చేసెనని వెదకనారంభించును. ప్రభుత్వం ఆ చిత్రాన్ని నిషేధించినది. నష్టమైనదని అనేకులు తలచిన ఆ చిత్రపు నెగెటివ్ బార్సిలోనా నగరపు చిత్రభాండాగారంలో లభించగా, 2019లో దానిని పునరుద్ధరించిరి. నలుబదియైదు సంవత్సరాల పిమ్మట ఆ ప్రశ్న మరల వినిపించినది.

మనకు తెలియవలసినది

ఈ రెండు చిత్రాలలో ఒక సామ్యం ఉన్నది. రెండింటిలోను సామాన్య మానవుని ఎదుట ఒక ప్రశ్న నిలుచును. మొదటి చిత్రంలో ప్రశ్న మనిషిని చిన్నబుచ్చును. రెండవదానిలో ప్రశ్న అడిగినవాడే తన ప్రశ్నను మార్చుకొనవలసి వచ్చును. చలనచిత్ర విద్యలోనే గాక ఏ విద్యలోనైనను నేర్వవలసినది ఇదే. ఎదుటి మనిషిని చూచుట, చూచిన తరువాత మన ప్రశ్నను సవరించుకొనుట.

నేడు మన విద్యార్థుల చేతిలోని ఫోనులోనే కెమెరా ఉన్నది. సాధనం లేదను మాట ఇక చెల్లదు. పింఛను కొరకో, బియ్యం కార్డు కొరకో మన పేటలో నిలిచిన వరుసలో ఒక గంటసేపు నిలిచి, అచ్చటి ఒక్క మనిషిని గురించి ఉర్దూలోనైనను తెలుగులోనైనను ఒక పుట వ్రాసి తెండు. అనుమతి పొందిన తరువాతనే కెమెరా తీయుడు. అది మీ ప్రథమ పాఠము.

పాలకవర్గం వారికి మా విన్నపం స్వల్పమైనది. నెలకొక సాయంకాలం, ఒక గది, ఒక తెర, ఒక మంచి చిత్రం ఏర్పాటు చేయవలెను. చిత్రం ముగిసిన వెంటనే గదికి తాళం వేయవద్దని మాత్రం ప్రత్యేకంగా కోరుచున్నాము. మన భవనానికి కూడ మెట్లున్నవి. ఒక గంటసేపు విద్యార్థులను వాటిమీద కూర్చుండి వాదించుకొననిండు.