పరిశోధన బృందం పీహెచ్‌సీకి వస్తే

కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మరుసటి ఏడాది జులైలో సికిల్‌సెల్ నిర్మూలనకు జాతీయ మిషన్ వచ్చింది. ములకలపల్లి వైపు పీహెచ్‌సీలో, సబ్‌సెంటర్లలో పనిచేసేవాళ్లకు "మీ గూడేల్లో కొన్ని శాంపిళ్లు కావాలి" అన్న మాట ఇక కొత్తగా ఉండదు. కాదనక్కర్లేదు. ఏ జబ్బు ఎంతమందికి ఉందో, ఇచ్చిన మాత్రలు ఎందుకు మింగడం లేదో గడప గడపకూ తిరిగి అడిగితేగానీ తేలదు. కానీ సరే అనేముందు ఇక్కడే జరిగిన ఒక సంగతి తెలిసి ఉండాలి.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తప్పు తేలింది కాగితాల్లో. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 నిశానీలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పిల్లని కన్నవాళ్లు ఊళ్లోనే ఉండగా వార్డెన్ సంతకం పెట్టడమేమిటి? టీకా మంచిదే కావచ్చు, నా అభ్యంతరం దాని మీద కాదు.

రేపు ఆ వార్డెన్ స్థానంలో మీరుంటారు. "మా గూడెం వాళ్లు నా మాట వింటారు" అని ఆశా కార్యకర్త ధైర్యంగా అనొచ్చు. ఆ నమ్మకాన్నే బృందం వాడుకుంటుంది, చెడ్డ ఉద్దేశం లేకపోయినా సరే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల్లో ఇది స్పష్టంగా ఉంది: గూడెం పెద్ద ఒప్పుకున్నా ప్రతి మనిషినీ విడిగా అడగాల్సిందే. పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతితోపాటు, ఏడేళ్లు దాటితే పిల్లల ఒప్పుకోలూ కావాలి. చదువురాని వాళ్లు నిశానీ వేసేటప్పుడు పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఇంటికింత అని ఆ బృందం దగ్గర డబ్బు తీసుకుంటున్న ఆశా ఆ సాక్షి కాలేదు. మొహమాటపెట్టినా సాక్షి గడిలో సంతకం పెట్టకండి.

ఎథిక్స్ కమిటీ అనుమతి, డీఎంహెచ్‌ఓ లేఖ చూపించమనండి. మందో టీకానో పరీక్షిస్తుంటే సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నంబరు అడిగి ఫోన్లోనే చూసుకోవచ్చు. ఫారం తెలుగులో ఉంటే చాలనుకోవద్దు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల ఇళ్లలో వాళ్ల మాటలో చెప్పే మనిషి కావాలి.

మెడికల్ ఆఫీసర్లు పట్టుబట్టాల్సింది ఫలితాల దగ్గర. రక్తం తీసుకున్నాక రిపోర్టు ఎన్ని రోజుల్లో చేతికి వస్తుంది? సికిల్‌సెల్ ఉందని తేలితే చికిత్స ఎక్కడ? అర్ధరాత్రి ఎవరికైనా తేడా చేస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఖర్చెవరిది? ఇవి నోటిమాటగా కాక ఒప్పందంలో రాయించండి. మీ సిబ్బంది ఎన్ని రోజులు పనిచేయాలో కూడా అందులోనే ఉండాలి, లేకపోతే టీకాల రోజున ఏఎన్ఎం సర్వేకి పోతుంది.

తేదీలు మాత్రం వాళ్లను నిర్ణయించనీయకండి. ఇప్పపూలు, తునికాకు ఏరే వేసవి పొద్దుల్లో గూడెంలో ముసలివాళ్లు తప్ప ఎవరూ దొరకరు. వాళ్లనే లెక్క రాసుకుపోతే ఆ అధ్యయనం ఎవరికీ పనికిరాదు.