జారిపోయిన సీసా

మొన్న బీచ్ క్లీనింగ్‌కి వెళ్లినప్పుడు అలలు ఒడ్డుకి తోసిన ఓ సీసా తీశాను. పచ్చగా పాచి పట్టి ఉంది, చేతిలోంచి జారిపోయింది. "ఛీ, మురికి" అని సంచిలో పడేశా. తర్వాత చదివితే తెలిసింది, అది ఉత్త మురికి కాదు, ఓ చిన్నపాటి ఊరు!

ఆ ఊరు ఎలా వెలుస్తుందో చూద్దాం. ప్లాస్టిక్ సముద్రంలో పడగానే నీటిలోని సేంద్రియ పదార్థాలు దానిమీద పలచటి పొరలా అంటుకుంటాయి. ఆ పొర మీదికి బ్యాక్టీరియా చేరి, జిగురు లాంటి పదార్థం వదిలి అక్కడే కాపురం పెడతాయి. ఇదే బయోఫిల్మ్. ఎండ తగిలే చోట డయాటమ్‌ల లాంటి సూక్ష్మమైన నాచు పెరుగుతుంది. దాన్ని మేయడానికి ఇంకొన్ని జీవులు వస్తాయి.

2013లో ఎరిక్ జెట్లర్, ట్రేసీ మిన్సర్, లిండా అమరల్-జెట్లర్ ఉత్తర అట్లాంటిక్‌లో దొరికిన ప్లాస్టిక్ ముక్కల మీద ఈ లోకాన్ని పరిశీలించి, 'ప్లాస్టిస్ఫియర్' అని పేరు పెట్టారు. ఒక ముక్క మీద విబ్రియో రకం బ్యాక్టీరియా బాగా ఎక్కువగా కనిపించాయి. కలరా క్రిమి కూడా విబ్రియోనే. అలాగని భయపడిపోకండి, విబ్రియోల్లో చాలావాటి వల్ల మనకి హాని లేదు.

"కర్రదుంగ మీదా నాచు పడుతుంది కదా?" అనొచ్చు. నిజమే. కానీ కర్ర కుళ్లిపోతుంది. ప్లాస్టిక్ ఏళ్ల తరబడి ఉండి, ఎక్కినవాళ్లని దూరతీరాలకి మోసుకెళ్లే పడవ అవుతుంది.

ఇక మన సబ్జెక్టులోకి వద్దాం. పాలిథిన్ సాంద్రత సుమారు 0.92 నుంచి 0.97, సముద్రపు నీటిది 1.025. అందుకే అది తేలుతుంది. పాచి, దానిమీద గుల్లజీవులు పెరిగేకొద్దీ సగటు సాంద్రత పెరిగి, 1.025 దాటగానే మునుగుతుంది. చిన్న ముక్కలకి ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కాబట్టి అవే ముందు మునుగుతాయి. అంటే పైన చెత్త కనపడకపోతే సముద్రం శుభ్రమైనట్టు కాదు!

ఆ రోజు నా సీసా ఇంకా మునగలేదు కాబట్టి దొరికింది. మునిగినదాన్ని మన సంచి అందుకోలేదు. అందుకే ఒడ్డు మీద ఏరడం కంటే ముందు కాలువలోనే ఆపాలి. ఈసారి క్లీనింగ్‌కి వస్తే గ్లవ్స్ మర్చిపోకండి, నేను మర్చిపోయా.