దేహమందలి నీటికి కావలి: డెస్మోప్రెస్సిన్ అను ఔషధము

నీరు జీవాధారము. అయినను త్రాగిన నీటిలో ఎంత దేహమందు నిలువవలెను, ఎంత వెలికి పోవలెను అను నిర్ణయము మన యిచ్ఛచే జరుగునది కాదు. మెదడు అడుగుభాగమున పుట్టెడు ఒక రసము ఈ పనిని రాత్రింబగళ్లు నడపుచుండును. ఆ రసము లోపించినప్పుడు కలుగు బాధను, దానికి బదులుగా రసాయనశాలలో కల్పింపబడిన డెస్మోప్రెస్సిన్ అను మందు యొక్క ఉపయోగములను ఈ వ్యాసమందు వివరింతుము. విద్యార్థులే గాక తలిదండ్రులును తెలిసికొనవలసిన సంగతులిందు గలవు.

1. మూత్రపిండముల పని

మన మూత్రపిండములు రెండును దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును రక్తమునుండి వడగట్టును. అదంతయు వెలికి పోయినచో మనుష్యుడు గంటసేపైనను బ్రదుకజాలడు. అందు మిక్కిలి భాగము తిరిగి రక్తమున చేరగా, తుదకు లీటరున్నర మొదలు రెండు లీటర్ల వరకు మాత్రమే మూత్రమగును. ఈ పనిలో కడపటి భాగమును నడపునది వాసోప్రెస్సిన్ అను హార్మోను. హార్మోనన, ఒకచోట పుట్టి, రక్తముతో ప్రవహించి, దూరమందున్న అవయవముచే పని చేయించు పదార్థము.

వాసోప్రెస్సిన్ మెదడులోని హైపోథలామస్ అను భాగమందు పుట్టి, పీయూషగ్రంథి వెనుకభాగమున నిలువయుండును. చెమట పట్టి రక్తము చిక్కనైనప్పుడు విడుదలయై మూత్రపిండములను చేరును. అంతట అచ్చటి సన్నని గొట్టముల గోడలలో నీటిద్వారములు తెరచుకొని, నీరు రక్తములోనికి మరలును. వేసవి యెండలో ఆడుకొని వచ్చిన బాలునికి మూత్రము కొంచెముగను పచ్చగను వచ్చుటకు ఇదియే కారణము.

2. మందు పుట్టిన విధము

1913లో జర్మనీయందు ఫాన్ డెన్ వెల్డెన్, ఇటలీయందు ఫారినీ అను వైద్యులు పీయూషగ్రంథి సారమును సూదిమూలమున నిచ్చి అతిమూత్రమును తగ్గించిరి. తరువాత అమెరికాలో విన్సెంట్ డ్యూ విగ్నో అను రసాయనశాస్త్రజ్ఞుడు వాసోప్రెస్సిన్ తొమ్మిది ఆమినో ఆమ్లములు గ్రుచ్చిన గొలుసు వంటిదని తేల్చెను. ఆయనకు 1955లో నోబెల్ బహుమానము లభించెను.

అయితే సహజమైన వాసోప్రెస్సిన్‌కు మందుగా రెండు కొరతలు గలవు. అది కొలది నిమిషములలోనే రక్తమున క్షీణించును. మరియు రక్తనాళములను బిగించి రక్తపుపోటును హెచ్చించును. 1967లో ప్రాగ్ నగరమందలి చెక్ శాస్త్రజ్ఞులు ఆ గొలుసున రెండు మార్పులు చేసిరి. మొదటి పూసనుండి ఒక ఆమినో సమూహమును తీసివేసిరి. ఎనిమిదవ పూసకు బదులు, అద్దములోని ప్రతిబింబమువలె కుడియెడమలైన దాని రూపమునే అమర్చిరి. ఇంతమాత్రమున మందు గంటలకొలది పనిచేయునదాయెను. రక్తపుపోటును హెచ్చించు గుణము మిక్కిలి తగ్గిపోయెను. ఇదియే డెస్మోప్రెస్సిన్.

3. ఉపయోగములు

మొదటిది అతిమూత్రవ్యాధి. తలకు దెబ్బ తగులుటచే గాని, మెదడులో కంతి లేచుటచే గాని హార్మోను లోపించినవారిలో కొందరు దినమునకు పది లీటర్లకు మించియు మూత్రము విడుతురు. వారి దప్పిక తీరదు. ఈ మూత్రమున చక్కెర యుండదు గనుక ఇది చక్కెరవ్యాధి కాదు. రెంటికిని డయాబిటిస్ అను పేరే యుండుటచే ఆసుపత్రులలో గూడ పొరబాట్లు జరుగుచుండెను. కావున 2022లో వైద్యనిపుణులు దీనికి ఆర్జినీన్ వాసోప్రెస్సిన్ లోపము అను క్రొత్త పేరు సూచించిరి. రోగికి డెస్మోప్రెస్సిన్ బిళ్లగా గాని, ముక్కులో తుంపరగా గాని, సూదిమూలమున గాని ఇత్తురు. మూత్రపిండములే హార్మోను ఆజ్ఞకు లోబడని మరియొక రకపు వ్యాధియందు మాత్రము ఇది సాధారణముగా ఫలింపదు.

రెండవది రక్తస్రావము. డెస్మోప్రెస్సిన్ రక్తనాళముల లోపొరలో నిలువయున్న రక్తము గడ్డకట్టించు పదార్థములను వెలికి తెచ్చును. 1977లో ఇటలీలోని మిలాన్ నగరమున మన్నూచీ అను వైద్యుడును, ఆయన తోడివారును స్వల్ప హీమోఫిలియా, ఫాన్ విల్లిబ్రాండ్ వ్యాధి గలవారికి ఈ మందిచ్చి, అన్యుల రక్తపదార్థములతో పని లేకయే పండ్లు తీయవచ్చునని చూపిరి. 1980 తరువాతి సంవత్సరములలో రక్తపదార్థముల మూలమున ఎయిడ్సు వ్యాపించినప్పుడు ఈ సంగతి యొక్క విలువ లోకమునకు బాగుగ తెలిసెను. అయితే వెంటవెంటనే ఇచ్చినచో నిలువ తరిగి ఫలము తగ్గును. తీవ్రమైన హీమోఫిలియాయందు పనిచేయదు.

మూడవది పిల్లలు నిద్రలో పక్క తడుపుట. అయిదేండ్ల వయస్సున నూటికి సుమారు 15 మందికి ఈ యిబ్బంది గలదు. రాత్రివేళ వాసోప్రెస్సిన్ సాధారణముగా హెచ్చవలెను. కొందరు పిల్లలకు అట్లు హెచ్చదు. మరికొందరు నిండిన మూత్రాశయపు పిలుపునకు మేలుకొనలేరు. ఇది సోమరితనము కాదు, మొండితనమును కాదు. బోర్డింగులో ఇట్టి బాలుని కొట్టుట, తోటివారి యెదుట తడిసిన దుప్పటి చూపి సిగ్గుపరచుట అన్యాయము, నిష్ప్రయోజనము. చాలమందికి వయస్సుతో ఇది తనంతట పోవును. వైద్యుడు తగునన్నప్పుడు నిద్రకు ముందు ఇచ్చు డెస్మోప్రెస్సిన్ బిళ్ల ఆ రాత్రికి సాయపడును. మందు మానినచో పలువురికి తిరిగి వచ్చుటయు కలదు.

4. నీటిని గూర్చిన రెండు నియమములు

ఈ పాఠమున ముఖ్యముగా జ్ఞాపకముంచుకొనవలసినవి పరస్పరవిరుద్ధముగా దోచు రెండు నియమములు.

మితిలేని దప్పికయు మితిలేని మూత్రమును గల బిడ్డకు, మూత్రము తగ్గునను తలంపుతో నీరు నిరాకరింపరాదు. వాని దేహము నీటిని నిలుపలేకున్నది. త్రాగు నీరును ఆపినచో ప్రాణాపాయము. వెంటనే వైద్యునికి చూపవలెను.

పక్క తడుపుటకై మందు పుచ్చుకొన్న బిడ్డయైనచో, మందుకు ఒక గంట ముందునుండి తరువాత ఎనిమిది గంటల వరకు నీరు మిక్కిలి తగ్గింపవలెను. మందు నీటిని బిగబట్టును. పైపైని త్రాగినచో రక్తములోని ఉప్పు పలుచనై తలనొప్పి, వాంతి, మగత, ఫిట్సు, ఒక్కొక్కప్పుడు మరణము సంభవించును. ఇట్టి అపాయములచేతనే 2007లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ ముక్కు తుంపరను పక్క తడుపుటకు వాడరాదని శాసించెను. వాంతులు, విరేచనములు పట్టిన దినమున ఆ బిళ్ల ఆపి వైద్యుని అడుగవలెను.

ఒకే నీరు ఒక బిడ్డకు ప్రాణము, వేరొక బిడ్డకు అపాయము. ఏ బిడ్డ యెట్టివాడో తెలిసికొనుట పరీక్షచేతనే గాని ఊహచే సాధ్యము కాదు. పొరుగింటివారి మందు మన బిడ్డకు ఈయక, బిడ్డను దండింపక, సిగ్గు విడిచి వైద్యునితో మాటలాడుటయే తలిదండ్రులకును ఉపాధ్యాయులమైన మాకును తగిన కర్తవ్యము.