వెలుతురు నడక, వీధి దీపము

రాత్రి తొమ్మిది గంటల వేళ తుక్కుగూడలో శ్రీశైలము రోడ్డు ప్రక్కన నిలిచి ఉత్తర దిక్కు చూచినచో, ఆకాశపు అంచున బూడిద వన్నె కాంతి పరచుకొని కనిపించును. అది హైదరాబాదు నగర దీపముల వెలుతురు. దీపములు నేలమీద ఉండగా వాని కాంతి ఆకాశమున ఎట్లు కనిపించుచున్నది? ఈ ప్రశ్న బడిపిల్లలకే చెందినది కాదు. 2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము వీధి దీపముల బాధ్యతను గ్రామ పంచాయతీపై ఉంచినది. కరెంటు బిల్లు చెల్లించువారు తాము కొనుచున్న వెలుతురు ఎటు పోవుచున్నదో తెలిసికొనుట న్యాయమే.

వెలుతురు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. సూర్యుని నుండి మనలను చేరుటకు దానికి 500 సెకనులు పట్టును. అడ్డు లేనంతవరకు అది తిన్ననైన దారిలోనే నడచును. నీడ ఏర్పడుటకు కారణమిదియే. 1980 ఫిబ్రవరి 16వ తేదీ మధ్యాహ్నానంతరము చంద్రుని నీడ మన జిల్లా మీదుగా సాగినపుడు, ఇబ్రహీంపట్నం ప్రాంతమందలి జాపాల, రంగాపురం గ్రామముల చెంత రెండు నిమిషములకు పైగా సంపూర్ణ సూర్యగ్రహణము కనిపించినది. నీడ బాటకు వెలుపలనున్న ఊళ్ళలో మాత్రము సూర్యబింబము పూర్తిగా మరుగుపడలేదు.

తిన్నగా పోవు ఈ వెలుతురే ఒక తరంగము కూడ. ఇబ్రహీంపట్నం పెద్దచెరువులో రాయి విసరినచో అలలు గుండ్రముగా విస్తరించును. నీటిపై తేలు ఆకు మాత్రము ఉన్నచోటనే లేచి పడుచుండును. ఒడ్డునకు వచ్చునది కదలికయే గాని అక్కడి నీరు కాదు. ఒక అల శిఖరమునుండి మరియొక అల శిఖరము వరకు గల దూరమును తరంగదైర్ఘ్యము అందురు. చెరువు అలలను మూరలతోను బెత్తెలతోను కొలువవచ్చును. వెలుతురు అలలు అతి సూక్ష్మములు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో, ఊదారంగు అల అందులో 400 భాగములంత, ఎర్రని అల 700 భాగములంత ఉండును. మన కంటికి రంగుగా తోచునది ఈ కొలతలలోని భేదమే. వాన వెలిసిన పిదప తారురోడ్డుపై డీజిలు చుక్క పడినచోట ఇంద్రధనుస్సు రంగులు కనిపించుట అందరు ఎరిగినదే. ఆ పలుచని పొర పైభాగమునుండియు అడుగునుండియు తిరిగివచ్చిన అలలు కలిసికొని, కొన్ని రంగులు బలపడి, మరికొన్ని అణగిపోవుటచే ఆ వింత కలుగుచున్నది. రెండు అలలు కలిసి చీకటిని పుట్టింపగలవన్న మాట మొదట నమ్మశక్యముగా తోచదు. కాని చెరువులో ఒక అల శిఖరము మరియొక అల పల్లమును కలిసినచోట నీరు నిశ్చలముగా నిలుచుట చూచినవారికి అందులో వింత లేదు.

ఇక ఆకాశపు కాంతి సంగతి. గాలిలోని అణువులకు తగిలిన వెలుతురు నలుదిక్కులకు చెదరును. చిన్న అలలు ఎక్కువగాను, పెద్ద అలలు తక్కువగాను చెదరుట ప్రకృతి ధర్మము. ఎరుపుకంటె నీలము నాలుగు రెట్లకు మించి చెదరును. పగటి ఆకాశము నీలముగా ఉండుటకు కారణమిదియే. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబము మాత్రమే కాదనియు, నీటి అణువులును వెలుతురును చెదరగొట్టుచున్నవనియు నిరూపించిన సి. వి. రామన్ తన బాల్యమును విశాఖపట్నములో గడిపినవారు. ఆయన చెంత పరిశోధన చేసిన మన తెలుగువారు సూరి భగవంతం, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వైస్‌ఛాన్సలరుగా పనిచేసిరి. రాత్రివేళ దీపములనుండి మీదికి పోయిన కాంతి ఈ విధముగనే గాలిలోను ధూళిలోను చెదరి మరల మన కన్నులను చేరుచున్నది.

దీనివలన నష్టపడిన సంస్థ మనకు దూరమున లేదు. నిజామియా వేధశాల 1901లో హైదరాబాదులో ఆరంభమై, పిదప బేగంపేటకు మారినది. నగరము పెరిగి అక్కడ చీకటి కరవగుటచే ఉస్మానియా విశ్వవిద్యాలయము జాపాల-రంగాపురము చెంత కొత్త వేధశాలను నిర్మించి, 1968-69 ప్రాంతమున 48 అంగుళముల దర్పణము గల దూరదర్శినిని నెలకొల్పినది. చీకటిలో విప్పారిన కనుపాప చేర్చుకొను వెలుతురుకంటె ఆ దర్పణము చేర్చుకొనునది సుమారు ముప్పది వేల రెట్లు. అయినను ఆకాశమే వెలుగుచున్నచో ఎంత పెద్ద దర్పణమైనను మసక నక్షత్రమును విడదీసి చూపలేదు. తుక్కుగూడనుండి ఆ స్థలము సుమారు 30 కిలోమీటర్లు. ఒకనాడు చీకటికొరకు వెదకి ఎన్నుకొన్న చోటికి నగరకాంతి వెన్నంటి వచ్చినది.

తొడుగు లేని గుండ్రని బల్బు తన కాంతిలో సగము వరకు మీదికే పంపును. ఆ సగమునకును బిల్లు పంచాయతీదే. పూర్వపు స్తంభములకుండిన రేకు పళ్ళెము అలంకారము కాదు. అది కాంతిని క్రిందికి మరల్చెడిది. నేటి ఎల్‌ఇడి దీపమునైనను మొగము పైకెత్తి బిగించినచో ఇదే నష్టము. ఎత్తును గూడ గమనింపవలెను: దీపమును రెండింతల ఎత్తునకు చేర్చినచో దాని సూటి క్రింద నేలపై పడు వెలుతురు నాల్గవ వంతునకు తగ్గును. రంగు విషయమున, దీపపు పెట్టెపై కెల్విన్ అను కొలత ముద్రించి ఉండును. 6500 అని ఉన్నచో నీలము పాలు హెచ్చు; 3000 గాని అంతకు తక్కువ గాని అయినచో పసుపు వన్నె, చెదరుట తక్కువ.

కంటిలో సూటిగా గుచ్చు దీపము దారి చూపదు. కనుపాప ముడుచుకొని, దీపమునకు ఆవలనున్న గుంతయు పశువును సైకిలువానికి కనిపించవు. తీర్మానము వ్రాయుటకు ముందు సభ్యులు ఒక రాత్రి స్తంభమునుండి నలువది అడుగులు దూరము నడచి వెనుదిరిగి చూతురుగాక. బల్బు కనిపించక నేల మాత్రమే వెలుగుచున్నచో ఆ దీపము సరిగా అమరినది.